కూలెంటు మార్చాక గాలి ఎందుకు తీయాలి?

మే నెల మిట్టమధ్యాహ్నం ఒక షెడ్డులో కారుకు కూలెంటు, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, మార్చడం పూర్తయ్యాక, "ఏసీ ఆపేసి హీటరు ఫుల్లుగా పెట్టండి సార్" అని మెకానిక్ చెప్పగానే యజమాని ముఖంలో అనుమానం కనిపించింది. ఈ ఎండలో హీటరేమిటని ఆయన అడిగితే, "గాలి పోవాలి సార్" అన్నది సమాధానం. పక్కనే ఉన్న నాకు ఆ చిన్న జవాబు వెనకున్న భౌతికశాస్త్రం అంతా ఒక్కసారిగా గుర్తుకొచ్చింది. అది నాకు ఎంతో ఇష్టమైన విషయం కనుక, కూలెంటు ఏ రంగుది కొనాలి, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి అనే సంగతులను డబ్బా మీది రాతకూ కారుతో వచ్చిన పుస్తకానికీ వదిలేసి, నేరుగా గాలి దగ్గరికే వస్తాను.

బావి గట్టున మోనోబ్లాక్ మోటారు ఉన్న ఇంట్లో పెరిగినవారికి ఈ కథ సగం తెలిసినట్టే. పైపు అడుగున నీటిని వెనక్కి పోనివ్వని ఫుట్‌వాల్వు సరిగా మూసుకోక రాత్రికి రాత్రి పైపులోని నీళ్లు బావిలోకి దిగిపోతే, తెల్లవారి స్విచ్ వేసినప్పుడు మోటారు మోత వినిపిస్తుంది కానీ చుక్క నీరు రాదు. "గాలి పట్టింది" అంటారు. అప్పుడు పంపు మీది బిరడా విప్పి బిందెలతో నీళ్లు పోస్తూ, గుడగుడమంటూ వచ్చే బుడగలు ఆగి నీరు అంచుదాకా నిలిచేవరకూ ఓపిక పట్టి, బిరడా బిగించి మళ్లీ స్విచ్ వేస్తారు. కారు షెడ్డులో జరిగేదీ అక్షరాలా ఇదే పని.

పంపు నీటిని లాగుతుందని మనం అనుకుంటాం. నిజానికి దాని రెక్కల చక్రం తనలో ఉన్నదాన్ని గిరగిరా తిప్పి అంచుకు విసురుతుంది, ఆ విసురులోంచే పీడనం పుడుతుంది. విసిరే వస్తువు ఎంత బరువైనదైతే పీడనం అంత ఎక్కువ. ఒక వేగంతో తిరిగే పంపు నీటిని 10 మీటర్ల ఎత్తుకు ఎక్కించగలదనుకుందాం. అదే వేగంతో అదే పంపు గాలినీ 10 మీటర్ల గాలి స్తంభానికి సరిపడే పీడనంతోనే తోస్తుంది. కానీ ఘనపు మీటరు నీరు 1000 కిలోలు, గాలి సుమారు 1.2 కిలోలు మాత్రమే కనుక, గాలితో నిండిన పంపు పుట్టించే పీడనం నీటిని 12 మిల్లీమీటర్లకు మించి ఎత్తలేదు. మోటారు బలం తగ్గలేదు, చక్రం అరగలేదు, అయినా పది మీటర్లు పన్నెండు మిల్లీమీటర్లయింది. పంపుల పాఠం చెప్పే ఉపాధ్యాయులు సమీకరణం రాసే ముందు పిల్లలను ఒక్కసారి బావి గట్టుకు తీసుకువెళ్లి, నీళ్లు పోయకముందూ పోశాకా ఏం జరుగుతుందో చూపిస్తే ఆ పాఠం జన్మలో మరచిపోరని నా నమ్మకం.

కారులోని వాటర్ పంపు చక్రం అరచేతిలో ఇమిడేంతే ఉంటుంది, సూత్రం మాత్రం మోనోబ్లాక్‌దే. బరువైన ద్రవం అంచుకు పోతుంటే తేలికైన గాలి చక్రం నడుమకు చేరుతుంది, సరిగ్గా ద్రవం లోపలికి రావలసిన చోటే అడ్డంగా నిలుస్తుంది. అయితే బావి పంపుకు లేని చిక్కు ఒకటి కారుకుంది. కూలెంటు ఒక మూసిన చుట్టులో తిరుగుతుంది కనుక, చుట్టు నిండుగా ఉన్నంతవరకూ దిగే వైపు ద్రవం ఎక్కే వైపు ద్రవాన్ని తూకం వేసినట్టు నిలుపుతుంది, పంపు పైపుల రాపిడిని జయిస్తే చాలు. ఎత్తైన వంపులో గాలి కూర్చున్నప్పుడు ఆ తూకం చెదిరి, గాలి ఉన్నంత ఎత్తునూ పంపు సొంత బలంతో ఎక్కించవలసి వస్తుంది. పక్కన తేలిక దారి మరొకటి ఉంటే ద్రవం అటే పోతుంది, గాలి ఉన్న శాఖ అలాగే మిగిలిపోతుంది.

అలాంటి ఎత్తైన శాఖే డాష్‌బోర్డు వెనకనుండే హీటరు కోర్, అంటే వేడి కూలెంటు తిరిగే సన్న గొట్టాల కట్ట. కొన్ని కార్లలో హీటరు మీట తిప్పితే తప్ప దానిలోకి దారి తెరుచుకోదు. అందుకే ఆ మే నెల హీటరు. చలిదేశాలలో గాలి చిక్కితే హీటరు చల్లగా వీయడం మొదటి గుర్తు. మన దగ్గర ఏళ్లతరబడి ఆ మీటను తాకేవారే ఉండరు కనుక ఆ గుర్తు ఎవరికీ అందదు, మొదటి కబురు ఇంజన్ వేడి రూపంలోనే వస్తుంది.

గాలి అంత ప్రమాదకరం కావడానికి కారణం దాని పేదరికం. ఒకే పరిమాణంలో తీసుకుంటే నీరు మోయగలిగే వేడిలో గాలి మోసేది సుమారు 3500వ వంతు, వేడిని తనగుండా పోనిచ్చే గుణంలోనూ నీటికి ఇరవయ్యో వంతు కంటే తక్కువే. ఇంజన్ పైభాగమైన సిలిండర్ హెడ్‌లో ఒక మూల బుడగ నిలిస్తే ఆ మూల లోహం మాడుతుంది. అల్యూమినియం హెడ్ వంకర పోతుంది, దాని కింద సందు మూసే గాస్కెట్ పోతుంది. దీనికి తోడు ఉష్ణోగ్రత చూపే సెన్సార్ ఆ గాలిలోనే ఉండిపోతే, ఇంజన్ ఉడుకుతున్నా ముల్లు నిమ్మళంగా ఉంటుంది. కూలెంటు వేడెక్కాకే దాన్ని రేడియేటర్‌కు వదిలే కవాటం థర్మోస్టాట్. దానిలోని మైనం కరిగి దారి తెరవాలన్నా దానికి వేడి ద్రవం తగలాలి. చాలా థర్మోస్టాట్‌లకు అంచున ఒక సన్నని రంధ్రం, దానిలో వదులుగా ఊగే చిన్న పిన్ను ఉంటాయి. నింపేటప్పుడు గాలి ఆ రంధ్రంలోంచి పైకి జారుతుంది, పంపు తిరిగాక ప్రవాహమే పిన్నును నెట్టి రంధ్రాన్ని మూస్తుంది. ఆ పిన్ను పైవైపుకు వచ్చేలా బిగించకపోతే గాలికి దారే లేదు.

బుడగ కారు వాలును బట్టి చోటు మారుతుంది. నెలంతా సాఫీగా తిరిగిన బండి శ్రీశైలం ఘాట్ ఎక్కగానే పొగలు కక్కుతుంది, దిగాక మళ్లీ మామూలే. ఇంతటి నిలకడలేనితనం చూసి దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టేవారిని నేను తప్పుపట్టలేను. కంటికి కనిపించని కారణం కొండ ఎక్కినప్పుడే పనిచేస్తే మనిషికి అలాగే తోస్తుంది. కానీ నిమ్మకాయతో పాటు గాలిని బయటికి వదిలే బ్లీడ్ స్క్రూ కూడా విప్పించమని వారిని బతిమాలుతాను.

గాలి తేలిక కదా, తానే పైకి పోదా అని అడగవచ్చు. వెడల్పు పైపులో పోతుంది. సన్నని గొట్టంలో తలతన్యత, అంటే ద్రవపు ఉపరితలం సాగదీసిన పొరలా ప్రవర్తించే గుణం, బుడగను గోడలకు బిగదీసి పట్టుకుంటుంది. 1961లో బ్రెథర్టన్ అనే శాస్త్రవేత్త దీనికి హద్దు లెక్కకట్టాడు: ద్రవం సాంద్రత, గురుత్వ త్వరణం, గొట్టం వ్యాసార్ధపు వర్గం, ఈ మూడింటి లబ్ధాన్ని తలతన్యతతో భాగిస్తే 0.84 కంటే తక్కువ వచ్చినప్పుడు బుడగ లేవదు. నీటికి ఇది సుమారు 5 మిల్లీమీటర్ల వ్యాసం. 2019లో స్విట్జర్లాండులోని లొజాన్ పరిశోధకులు, ఆ బుడగ కూడా పూర్తిగా ఆగిపోలేదని, కంటికి తెలియనంత నెమ్మదిగా పాకుతోందని చూపించారు. మన పనికి మాత్రం అది ఆగినట్టే. రేడియేటర్, హీటరు కోర్ గొట్టాలు సన్నగా, చప్పిడిగా ఉంటాయి. వాటిలోని బుడగను ప్రవాహమే తోయాలి. పంపు పీడనం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, నిమిషానికి 800 చుట్ల దగ్గర కదలని బుడగపై 2400 చుట్ల దగ్గర తొమ్మిది రెట్ల తోపు పడుతుంది. మెకానిక్ ఆక్సిలరేటర్ తొక్కి పట్టేది అందుకే.

ఇక పని వరస. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, రేడియేటర్ మూత అన్నిటికంటే ఎత్తుకు వచ్చేలా ముందు చక్రాలను ఎక్కించి, మూత చోట గరాటు బిగించి కూలెంటును సన్నధారగా పోయాలి. బ్లీడ్ స్క్రూ ఉంటే, బుడగలు లేని ధార వచ్చాకే దాన్ని బిగించాలి. తరువాత ఇంజన్ నడుపుతూ రేడియేటర్ పై పైపు వేడెక్కేవరకూ, రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేవరకూ గరాటులోకి పొంగే బుడగలను గమనిస్తుండాలి. వేడి ఇంజన్‌కు బిగించి ఉన్న మూతను ఎట్టి పరిస్థితిలోనూ విప్పకూడదు. పీడనం తొలగిన క్షణంలో వంద డిగ్రీలు దాటిన ద్రవం ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. కొన్ని షెడ్లలో గాలిని ముందే పీల్చేసే పరికరం ఉంటుంది. అది పనిచేస్తున్నప్పుడు రబ్బరు పైపులు రెండు వైపులా అతుక్కుపోయినట్టు చప్పిడిగా నొక్కుకుపోవడం చూడదగిన దృశ్యం. పదింట తొమ్మిది వంతుల గాలిని లాగేస్తే, 6 లీటర్ల వ్యవస్థలో మిగిలేది మామూలు పీడనం దగ్గర 600 మిల్లీలీటర్ల గాలే.

ఇంత చేసినా మరునాడు ఉదయం, ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు, మూత విప్పి చూడాలి. పొయ్యి మీది గిన్నెలో నీళ్లు మరగడానికి చాలా ముందే అడుగున సన్నని బుడగలు పట్టినట్టు, కొత్త కూలెంటులో కరిగి ఉన్న గాలి మొదటి వేడికి బయటపడుతుంది. గ్లాసెడు తగ్గి ఉంటే అంతే పోసి మూయాలి. నాలుగైదు రోజుల తరువాత కూడా మట్టం తగ్గుతూనే ఉంటే, లేదా బుడగలు ఆగకుండా వస్తుంటే, అది చిక్కుకున్న గాలి కాదు. ఎక్కడో కారుతోందో, గాస్కెట్ సందులోంచి సిలిండర్ వాయువు కూలెంటులోకి చొరబడుతోందో పరీక్ష చేయించాలి.