వానలు పడకముందే నడక మొదలుపెడదాం

ప్రియమైన పిల్లలకు,

ఆదివారం నడకకు పేర్లు ఇచ్చినప్పుడు మీలో చాలామంది అడిగింది ఒకటే. "తాతయ్యా, నేలపట్టు పక్షుల కేంద్రానికి ఎప్పుడు తీసుకెళ్తారు? పులికాట్ సరస్సులో రాజహంసలను ఎప్పుడు చూపిస్తారు?" తప్పకుండా తీసుకెళ్తాం, కానీ డిసెంబరులోనో జనవరిలోనో. ఇప్పుడు సెప్టెంబరు. ఉత్తర కార్తె నడుస్తోంది. ఇంకో నెలన్నర దాకా మన చెరువు కట్ట, కట్ట కింద పొలాలు, పొలాల అంచున ఉన్న తుమ్మతోపు, ఇంతే మన నడక. ఇది విని కొందరి ముఖాలు చిన్నబోయాయని మీ అమ్మలు చెప్పారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు మన వానల సంగతి తెలుసుకోవాలి. బడి పుస్తకంలో శరదృతువు అంటే వానలు వెలిసి, ఆకాశం తేటపడి, వెన్నెల కాసే కాలమని చదువుకుని ఉంటారు. మన కావలి వైపు లెక్క వేరు. జూన్‌లో వచ్చే నైరుతి వాన మన దగ్గరికి వచ్చేసరికి చాలావరకు బలం తగ్గిపోతుంది. నెల్లూరు జిల్లాకు ఏడాదిలో పడే వానలో సగం కంటే ఎక్కువ అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, ఈశాన్య గాలులతో, వాయుగుండాలతో వస్తుంది. అందుకే మన రైతులు ఈ కార్తెలో ఆకాశం వైపు అంత ఆదుర్దాగా చూస్తారు. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అన్న సామెత మీ తాతల నోట వినే ఉంటారు. ఉత్తరలో వాన జాడ లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు వదిలి పోవాల్సిందేనని దాని అర్థం.

కాబట్టి ఈ నెలలో మన చెరువు అడుగంటి ఉంటుంది. మధ్యలో కాస్త నీళ్లు, చుట్టూ బురద, బురద చుట్టూ పగుళ్లిచ్చిన నేల. చూడటానికి ఏమీ లేదనిపిస్తుంది. కానీ ఇప్పుడు చూడనివాళ్లకు నవంబరులో నిండిన చెరువు వట్టి నీళ్లుగానే కనిపిస్తుంది. ఎండిన చెరువును చూసినవాళ్లకే నీళ్లతో పాటు ఎవరెవరు వచ్చారో, ఎవరు వెళ్లిపోయారో తెలుస్తుంది.

నిజానికి కొందరు అప్పుడే వచ్చేశారు. బురద అంచున చిన్న పిట్ట ఒకటి ఒంటరిగా తిరుగుతుంటుంది. వీపు మట్టిరంగు, పొట్ట తెలుపు. ఆగిన చోటల్లా వెనక భాగాన్ని పైకీ కిందికీ ఊపుతూనే ఉంటుంది. అది ఉల్లంకి పిట్ట. హిమాలయాల్లోనూ, అంతకంటే ఎంతో ఉత్తరాన ఉన్న చల్లని దేశాల్లోనూ పిల్లల్ని లేపుకుని, ఆగస్టు నుంచే మన చెరువులకు దిగుతుంది. చెరువు నిండితే దానికి ఆ బురద అంచు ఉండదు. అంటే దాన్ని దగ్గరగా చూడాలంటే ఇదే సమయం. కట్ట మీద కదలకుండా కూర్చుంటే అదే నడుచుకుంటూ దగ్గరికి వస్తుంది.

ఇక తుమ్మచెట్ల దగ్గరికి రండి. ఈ నెలలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అక్కడే ఉంది. గిజిగాడి గూళ్లు. నీళ్లకుంట మీదికి వంగిన కొమ్మలకు వేలాడుతుంటాయి. గూడు అల్లేది మగపిట్ట. వరి ఆకు అంచును ముక్కుతో గాటు పెట్టి, పట్టుకుని ఎగిరితే ఆకు పొడవునా సన్నటి పీచు చీలి వస్తుంది. మన ఎడగారు వరి, తాటాకు, దేన్నీ వదలదు. అలాంటి పీచులు వందలకొద్దీ తెచ్చి, ముడులు వేసి, కింద రెండు గదుల్లాగా తెరిచి ఉన్న సగం గూడు కడుతుంది. అక్కడితో ఆపేసి రెక్కలు ఆడిస్తూ అరుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపల కూర్చుని చూస్తుంది. నచ్చితేనే మగది మిగతా గూడు, కింద పొడుగాటి గొట్టం పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే ఉండిపోతుంది. మొత్తం కట్టడానికి సుమారు 18 రోజులు పడుతుంది.

మీరు చూడాల్సినవి రెండు. ఒకటి, ఏ చెట్టుకైనా గూళ్లు ఎక్కువగా ఏ వైపు ఉన్నాయో గమనించండి. గిజిగాడు చాలాచోట్ల తూర్పు వైపు కొమ్మలనే ఎంచుకుంటుంది, పడమటి నుంచి వచ్చే వానగాలి తగలకుండా. మన చెట్లకూ అలాగే ఉన్నాయా? చెట్టుచెట్టుకూ లెక్కపెట్టి రాయండి. రెండు, కింద రాలిపడిన పాత గూడు దొరికితే విప్పి చూడండి. లోపలి గోడకు ఎండిన మట్టిబెల్లలు అంటుకుని కనిపిస్తాయి. తడిమట్టి తెచ్చి అక్కడ పెట్టేది కూడా ఆ మగపిట్టే. ఎందుకు పెడుతుందో మీకేం తోస్తుందో నాకు చెప్పండి. చెట్టు మీద ఉన్న గూడును మాత్రం ముట్టుకోవద్దు, కర్రతో లాగొద్దు. ఈ నెలలో వాటిలో ఇంకా పిల్లలు ఉండొచ్చు.

మొన్న వినాయక చవితికి పత్రి కోసం జిల్లేడు, ఉమ్మెత్త, ఉత్తరేణి, రేగు వెతుక్కుంటూ ఊరంతా తిరిగారు కదా. ఏ మొక్క ఎక్కడ ఉందో మీకు ఇప్పటికే తెలుసు. ఈసారి కోయకుండా చూద్దాం. జిల్లేడు ఆకుల కింద వెతకండి. నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో మెరిసే గొంగళిపురుగు దొరుకుతుంది. ఒళ్లంతా నూగు లేకుండా నున్నగా, వీపు మీద మూడు జతల నల్లటి కొమ్ములతో ఉంటుంది. జిల్లేడు పాలు విషమని మీ అమ్మలు చెప్పే ఉంటారు. ఈ పురుగు మాత్రం ఆ ఆకే తిని బతుకుతుంది. తినేముందు ఏం చేస్తుందో చూడండి. ఆకు ఈనెను కొరికి పాలు అక్కడే కారిపోయేలా చేసి, ఆ తర్వాత అవతలి భాగం తింటుంది. ఆ విషం కొంత దాని ఒంట్లో నిలిచిపోతుంది. పిట్టలు దాన్ని ముట్టవు. ఆ పట్టీల రంగులు 'నన్ను తింటే నీకే చేటు' అని వాటికి చెబుతాయి. కొన్నాళ్లకు అదే నారింజ రంగు రెక్కల సీతాకోకచిలుక అవుతుంది. అప్పుడూ పిట్టలు దాని జోలికి పోవు.

తంగేడు కూడా ఇప్పుడు పూతమీద ఉంది. లేత ఆకుల మీద ఆకుపచ్చగా కలిసిపోయిన పురుగులు ఉంటాయి, వెతికితే గాని కనబడవు. ఇది విషం లేని పురుగు, అందుకే దాక్కుంటుంది. జిల్లేడు పురుగునూ తంగేడు పురుగునూ ఒకే రోజు చూసినవాళ్లకు రంగు ఎందుకో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

సాయంత్రం పొలాల మీద గుంపులుగా తిరిగే పసుపురంగు తూనీగల గురించి కూడా చెప్పాలి. తోకకు దారం కట్టి ఎగరేసే ఆట మానండని ప్రతి ఏడూ అంటున్నాను. అవి ఎక్కడికి వెళ్తాయో తెలిస్తే మీరే మానేస్తారు. మాల్దీవుల్లో ఉండే చార్లెస్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త, మంచినీటి చెరువులే లేని ఆ దీవులకు ప్రతి అక్టోబరులో లక్షల తూనీగలు ఎక్కడి నుంచి వస్తున్నాయా అని ఏళ్ల తరబడి గమనించాడు. అవి మన దేశం నుంచి గాలివాటుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా వైపు వెళ్తున్నాయని 2009లో రాశాడు. మన వేలంత కూడా లేని పురుగు, హిందూ మహాసముద్రం దాటుతోంది! మన చెరువు మీద తిరిగే ఒక్కొక్కటీ అంత దూరం పోతుందని నేను అనను గాని, జాతి మాత్రం అదే.

దసరా దగ్గరికొస్తోంది కాబట్టి పాలపిట్ట మాట. పండగనాడు దాన్ని చూస్తే శుభమని మనవాళ్ల నమ్మకం. కోతలు అయిన పొలాల్లో కరెంటు తీగల మీద కూర్చుని, కిందికి దూకి మిడతలను పట్టుకుంటుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగే ఎక్కువ కనిపిస్తుంది, ఎగిరితేనే రెక్కల నీలం తెలుస్తుంది. కొన్నిచోట్ల దాన్ని పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పి డబ్బులు అడుగుతారు. అలా తెచ్చిన పిట్టల్లో చాలావాటికి మళ్లీ ఎగిరే శక్తి ఉండదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం కూడా. ఎవరైనా తెస్తే డబ్బులు ఇవ్వొద్దని ఇంట్లో చెప్పండి. దసరా పొద్దున్నే నాతో రండి, ఎగిరే పాలపిట్టను చూపిస్తాను.

మన నడకల్లో నేను ఒక్కడినే పెద్దవాణ్ణి కాను. చెరువులో చేపలు పట్టే యానాది పెద్దాయన కూడా వస్తానన్నాడు. ఆయన్ను మామా అని పిలవండి, ఆయన మాట్లాడేటప్పుడు మధ్యలో అందుకోకండి. బురదలో జాడ చూసి ఏ జంతువు ఎప్పుడు వెళ్లిందో చెప్పగలడు. ఆ చదువు మా తరంలో చాలామందికి లేదు. మీకు ఒక సంగతి తెలియాలి. 1840లలో టి.సి. జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు నెల్లూరులో పనిచేశాడు. పక్షుల మీద పిచ్చి ఆయనకు. ఇక్కడి యానాదుల దగ్గర అడిగి తెలుసుకుని, తెలుగు పేర్లతో సహా రాసుకున్నాడు. కలివికోడిని లోకానికి మొదట తెలిపిందీ ఆయనే. ఆ పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లా చిట్టడవుల్లో మళ్లీ దొరికింది, అదీ అక్కడి ఊరివాళ్ల సాయంతోనే. పుస్తకాల్లో పేరు ఎవరిదైనా, దారి చూపినవాళ్లు ఊళ్లోవాళ్లే.

ఇప్పుడు నేలపట్టు. దొరవారిసత్రం దగ్గర ఉంది, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. అక్కడి చెరువు నీళ్లలో నిలబడి ఉండే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. వాటితో పాటు నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. వానలు పడి చెట్ల మొదళ్లు మునిగాకే ఆ గూళ్లకు భద్రత. పిల్లులూ నక్కలూ నీళ్లు దాటి అక్కడిదాకా పోవడం కష్టం కదా. అందుకే ఇప్పుడు వెళ్తే ఖాళీ చెట్లు చూసి తిరిగి రావాలి. ఆ ఊరి రైతులు పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువని తరతరాలుగా నమ్మి, వాటిని కాపాడుకున్నారు. ఈలోగా నత్తగుల్ల కొంగను మన పొలాల్లోనే చూడండి. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. చిన్నపిల్లలకు ఆ సందు ఉండదు, పెద్దయ్యాకే వస్తుంది.

నల్లమల మాట కూడా ఎవరో అడిగారు. అది పులుల అడవి, అటవీ శాఖ అనుమతితోనే వెళ్లాలి. మీరు ఇంకాస్త పెద్దవాళ్లయ్యాక చూద్దాం.

జాగ్రత్తలు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా నేను ఒప్పుకోను, ముందే చెబుతున్నాను. బూట్లు లేనివాళ్లు కట్ట దిగరు. ఈ కాలంలో గడ్డి పెరిగి రక్తపింజర, కట్లపాము కనబడకుండా ఉంటాయి. బొరియల్లో, రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకూడదు. పాము కనిపిస్తే ఆగి, వెనక్కి జరిగి, నన్ను పిలవండి. దాన్ని కొట్టే మాటే లేదు. ఎవరికైనా కాటు పడితే గాటు పెట్టడం, గట్టిగా తాడు కట్టడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కు ఫోన్ చేసి, ప్రభుత్వ ఆసుపత్రికి. మధ్యాహ్నం మబ్బు పట్టి ఉరిమితే తాటిచెట్ల కింద నిలబడొద్దు, నడక ఆపేసి ఇళ్లకు పోదాం. ఫోన్లో పాటలు వద్దు. పిట్ట కూతలు రికార్డు చేసి వినిపించి పిలవడమూ వద్దు, దానికి అది ఊరికే టెన్షన్.

ప్రతి ఒక్కరూ ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. తేదీ, టైము, చెరువులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, ఏం చూశారు, ఎన్ని. పేరు తెలియకపోతే బొమ్మ గీసి, ఏం చేస్తోందో రాయండి. పశువుల వెంట తిరిగే తెల్లకొంగల తల మీద నారింజరంగు ఇంకా ఉందా, తెల్లబడిందా అని కూడా రాయండి. వానాకాలంలో వచ్చిన ఆ రంగు ఈ నెలల్లోనే పోతుంది, ఏ వారం పోయిందో మన ఊళ్లో ఎవరి దగ్గరా రాసి లేదు. పెద్దపిల్లలు, చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో కూడా ఎక్కించండి. అక్టోబరు 2 నుంచి 8 వరకు వన్యప్రాణి వారోత్సవాలు. ఆ వారం బడిలో ఊళ్లోవాళ్లందరి ముందు మీ నోటుపుస్తకాల్లోంచి మీరే చదివి వినిపించాలి. హెడ్‌మాస్టరు గారు ఒప్పుకున్నారు.

ఆదివారం ఉదయం ఐదున్నరకల్లా తూము దగ్గర ఉండండి, ఆరుకు బయలుదేరతాం. ఎండ ఎక్కేలోపు తొమ్మిదికల్లా ఇళ్లలో ఉంటారు. మంచినీళ్ల సీసా, టోపీ, కాస్త తినడానికి ఏదైనా తెచ్చుకోండి, ప్లాస్టిక్ కవర్లు వద్దు. తమ్ముళ్లను, చెల్లెళ్లను తీసుకొచ్చేవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లను ఒకరిని కూడా వెంటపెట్టుకు రండి. మొదట గిజిగాడి చెట్ల దగ్గరికే వెళ్తాం కాబట్టి తూర్పు ఏదో ఇప్పుడే చూసిపెట్టుకోండి.

ప్రేమతో,
మీ తాతయ్య