5వ తేదీన వదిలిన సీడ్ 4కు ఎలా వెళ్ళింది?

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్న మా బాబాయికి మేత లెక్కల కోసం జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న వెబ్ పేజీ చేసిచ్చాను. వారం తిరక్కముందే ఫోన్: "సీడ్ (రొయ్య పిల్లలు) వదిలింది 5న. నీ దాంట్లో 4 అని చూపిస్తా ఉందేందిరా?" మేత రోజుల లెక్కన వేస్తారు కాబట్టి, ఆయన విసుగులో న్యాయముంది.

తప్పు నాదే. క్యాలెండర్‌లో 5 నొక్కితే, భాష దాన్ని 5వ తేదీ అర్ధరాత్రి 12 గంటలుగా తీసుకుంది. సర్వర్‌కు పంపేటప్పుడు అది, మన టైము కన్నా అయిదున్నర గంటలు వెనకుండే గ్రీనిచ్ లెక్కలో 4వ తేదీ సాయంత్రం 6:30 అయింది. నేను తేదీ ముక్క మాత్రం కోసి దాచాను. డేటాలో వరసగా 18:30 కనిపిస్తే అది మన దేశపు అర్ధరాత్రేనని ఇప్పుడు చూడగానే తెలిసిపోతుంది.

ఈ అయిదున్నర గంటలు 1906 జనవరి 1న వచ్చాయి. అంతకుముందు రైళ్లు నడిచింది మద్రాసు టైముతో, అంటే గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందు. కొత్త టైముకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది. నెల్లూరు 80 డిగ్రీల దగ్గర ఉంది కనుక మనకు సూర్యుడు సగటున 12:10కి గానీ నడినెత్తికి రాడు. పాత మద్రాసు టైమే మనకు దగ్గర! రెండో ప్రపంచ యుద్ధకాలంలో గడియారాన్ని ఇంకో గంట ముందుకు జరిపారు. 1943లో పుట్టిన తాత పుట్టినరోజుకు కళ్ళు మూసుకుని 5:30 కలిపితే, అర్ధరాత్రి కాస్తా ముందురోజు రాత్రి 11 అవుతుంది.

ఇక భాష సంగతి. 1995లో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్ మొదటి రూపాన్ని పది రోజుల్లో రాశాడు. తేదీల పనిని మాత్రం అతని సహోద్యోగి కెన్ స్మిత్ జావా అనే మరో భాష నుంచి దించాడు. జనవరిని సున్నాతో లెక్కపెట్టే అలవాటు అంతకన్నా పాతది, సీ భాష నాటిది. జావా వాళ్ళు 1997కే ఆ పద్ధతులు చాలావాటిని వాడొద్దన్నారు. గడియారంతో పనిలేని ఉత్త తేదీని 2014లో, జావా 8తో ఇచ్చారు. జావాస్క్రిప్ట్ మాత్రం పాతదాన్నే మోసింది. తేదీల కోసం టెంపొరల్ అనే కొత్త ఏర్పాటు 2025లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లోకి వచ్చింది.

బాబాయి ఫోనేమో పాతది. అందుకే తేదీని ఉత్త అక్షరాలుగా దాచేశాను. ఇప్పుడు 5 అంటే 5 అనే పడుతోంది.