మూతపడ్డ ఫ్యాక్టరీ మళ్లీ తిరగాలంటే

పిల్లలకు ఆశీస్సులు.

అర్జెంటీనాలో పనివాళ్లే ఫ్యాక్టరీలు ఎలా నడుపుకున్నారని అడిగారుగా. అక్కడ 1991లో చేసిన చట్టం ప్రకారం వాళ్ల డబ్బు, అంటే 1 పెసోకి 1 డాలరు అని కట్టేశారు. బయటి సరుకు చవకై, లోపల తయారైనది అమ్ముడుపోలేదు. 2001 డిసెంబరులో బ్యాంకుల్లోంచి డబ్బు తీయకుండా కట్టడి కూడా పెట్టారు. ఆ నెల 18న బ్యూనస్ ఐరిస్‌లో సూట్లు కుట్టే బ్రుక్‌మన్ ఫ్యాక్టరీలో పనివాళ్లు, ఎక్కువమంది ఆడవాళ్లే, కనీసం బస్సు చార్జీలైనా ఇస్తేగాని కదలమని కూర్చున్నారు. యజమానులు రాలేదు. వీళ్లు రాత్రికి అక్కడే ఉండిపోయారు.

అలా ఉండిపోవడంలోనే సగం పని అయింది. ఖాళీ షెడ్డులో ముందు మాయమయ్యేది రాగి: కేబుళ్లు, మోటారు చుట్టలు. అందుకే వంతులవారీ కాపలా పెట్టి, ప్రతి మిషను నంబరుతో జాబితా రాసుకోవాలి. దివాలా కోర్టులో అడిగేది ఆ కాగితాన్నే. తర్వాత సహకార సంఘం రిజిస్టరు చేయించాలి. విడివిడిగా మనుషులుగా వెళితే షెడ్డు ఎవరి చేతిలో పెడతారు?

నెలల తరబడి ఆగిన మోటారుకు నేరుగా స్విచ్చి వేయకూడదు. వైండింగు, అంటే లోపలి రాగి చుట్ట, చెమ్మ పీల్చి ఉంటుంది, వేసిన క్షణమే కాలిపోవచ్చు. కరెంటు బయటికి కారుతుందేమో చూసే మెగ్గర్ అనే మీటరుతో చూసి 1 మెగోమ్ కంటే తక్కువ వస్తే 200 వాట్ల బల్బు దగ్గర పెట్టి ఆరబెట్టి మళ్లీ చూడాలి. టైల్సు కాల్చే బట్టీ ఇంకా మొండిది. చల్లారినదాన్ని ఒక్కసారిగా మండిస్తే లోపలి ఇటుక బీటలు వారుతుంది. వేడి మెల్లగా పెంచాలి.

మిషన్లు తిరిగినా ముడిసరుకు కొనడానికి డబ్బుండదు. అసలు చిక్కు ఇక్కడే. చాలామంది జాబ్ వర్క్ పట్టారు: గుడ్డ, రేకు, కాగితం పార్టీదే, అంటే పని ఇచ్చినవాళ్లదే, వీళ్లకు మజూరీ. పెట్టుబడి అక్కర్లేదు, నిజమే, కానీ లాభం పార్టీకే పోతుంది. మజూరీ అంతా జీతాలకే పంచేస్తే పదేళ్లయినా జాబ్ వర్కే. మొదటి నెల నుంచే కొంత తీసి సొంత ముడిసరుకుకు దాచాలి. ఆకలి మీద ఉన్నవాళ్లకు ఆ మాట చెప్పడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

చట్టం మాత్రం నిదానంగా వస్తుంది. బ్రుక్‌మన్ వాళ్లను 2003 ఏప్రిల్‌లో పోలీసులు బయటికి గెంటారు. మళ్లీ లోపలికి వచ్చేసరికి ఆ ఏడాది చివరైంది. న్యూకెన్ అనే రాష్ట్రంలో జానొన్ టైల్సు ఫ్యాక్టరీలో 2002 మార్చిలో దాదాపు 260 మంది పని మొదలుపెట్టారు. ఫ్యాక్టరీని సంఘానికి ఇవ్వడానికి అక్కడి శాసనసభ చట్టం చేసింది 2009లో.

మీ పెదనాన్న