బరువు ఏ కాలి మీదుంది? జంట డాన్స్: అపోహలు – వాస్తవాలు

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, ఎక్కడ చూసినా ఇప్పుడు పెళ్లికి ముందు సంగీత్, పెళ్లయ్యాక రిసెప్షన్, అందులో కొత్త జంట డాన్స్ మామూలైపోయింది. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు ఫోన్‌లో ఒక రీల్ తెచ్చి “గిదే కావాలె సార్” అంటారు. అందులో గిరగిరా తిప్పడం, వెనక్కి వాల్చడం, ఎత్తుకోవడం ఉంటాయి. వాటన్నిటికీ ఆధారమైన అడుగు మాత్రం కంటికి ఆనదు. నేర్పేటప్పుడు మేం తరచూ వినే మాటలు, వాటిలో తప్పెక్కడుందో ఇక్కడ రాస్తున్నాం.

అపోహ: తాళం పుట్టుకతో రావాలి. మా ఆయనకు అది లేదు.

బరాత్‌లో డప్పుకి రెండు గంటలు తీన్మార్ ఆడిన మనిషికి తాళం లేదంటే నమ్మలేం. లేనిది లెక్క. తీన్మార్‌లో దరువు ఎక్కడ అందితే అక్కడ ఎగరొచ్చు, ఎవరూ అడగరు. జంట డాన్స్‌లో ఇద్దరూ ఒకే అంకె మీద ఒకే క్షణంలో కదలాలి.

సల్సా అనే లాటిన్ జంట నాట్యాన్నే తీసుకోండి. లెక్క ఎనిమిది, అడుగులు ఆరు. 1, 2, 3 మీద మూడు, 5, 6, 7 మీద మూడు. 4, 8 మీద కొత్త అడుగు లేదు. లీడ్ చేసేవారు (జంటలో కదలిక మొదలుపెట్టేవారు) 1కి ఎడమ కాలు ముందుకు వేస్తారు, 2కి వెనకున్న కుడికాలి మీదికే బరువు తెస్తారు, 3కి ఎడమ కాలు మధ్యకు తెస్తారు. తర్వాత 5కి కుడికాలు వెనక్కి, 6కి ఎడమకాలి మీదికి బరువు, 7కి కుడికాలు మధ్యకు. ఫాలో అయ్యేవారిది (ఆ కదలికను అందుకునేవారిది) దీనికి అద్దంలో బొమ్మ: 1కి కుడికాలు వెనక్కి.

చెడేది ఎక్కువగా 4 దగ్గరే. ఖాళీ ఉంది కదా అని దాన్ని మింగేసి 5 ముందే వేసేస్తారు. రెండు చుట్లు తిరిగేసరికి ఒకరు ముందు, ఒకరు వెనక, మోకాళ్లు ఢీకొంటాయి. దీనికి మందు నోటితో పైకి లెక్కపెట్టడమే: “ఒకటి, రెండు, మూడు, ఆగు.” సల్సా పాటలు చాలావరకు నిమిషానికి 160 నుంచి 220 దెబ్బల (బీట్‌ల) వేగంలో ఉంటాయి. మొదటి రోజే పాట పెట్టకండి. ఫోన్‌లో టిక్ టిక్‌మని సమంగా దెబ్బ కొట్టే మెట్రోనోమ్ యాప్ 110 దగ్గర మొదలుపెట్టి, తప్పు లేకుండా రెండు నిమిషాలు ఆడగలిగినప్పుడు పది పెంచుకుంటూ పొండి.

ఇంకొకటి. ఒక వీడియోలో 1 మీద, ఇంకో వీడియోలో 2 మీద దిశ మారుతుంది. రెండూ సరైనవే. మొదటిది లాస్ ఏంజెలెస్ పద్ధతి, రెండోది న్యూయార్క్ పద్ధతి. క్యూబా వాళ్లయితే గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. ఏదో ఒకటి పట్టుకోండి, కలిపితే రెండూ పోతాయి.

అపోహ: ప్రేమ పాట ఏదైనా వాల్ట్జ్‌కి సరిపోతుంది.

వాల్ట్జ్ మూడు దెబ్బల నాట్యం. స్లో వాల్ట్జ్ నిమిషానికి 28 నుంచి 30 ఆవర్తాలు, అంటే 84 నుంచి 90 దెబ్బలు. వియన్నా వాల్ట్జ్ దానికి దాదాపు రెట్టింపు, 174 నుంచి 180 దెబ్బలు. అది కొత్తవాళ్లకు కాదు.

పాట పెట్టి తొడ మీద చేత్తో తడుతూ “తకిట, తకిట” అనండి. గట్టి దెబ్బ ప్రతిసారీ “త” మీదే పడితే మూడు. జారిపోతూ ఉంటే “తకధిమి” అని చూడండి. సినిమా మెలొడీల్లో ఎక్కువ భాగం దీనికే కూర్చుంటాయి. సంగీతం నేర్చుకున్న అక్కో చెల్లో ఇంట్లో ఉంటే అడగండి. రూపక తాళాన్ని మూడు దెబ్బలతో వేయడం వాళ్లకు అలవాటే, వెంటనే చెప్పేస్తారు.

పాట నాలుగు దెబ్బలదైతే మానేయక్కర్లేదు. వాల్ట్జ్ పెట్టెనే (నాలుగు మూలల పెట్టె గీసినట్టు వేసే అడుగుల్నే, వివరం కింద ఉంది) రుంబా అనే ఇంకో జంట నాట్యం కాలంలో వేయండి: మొదటి అడుగుకు రెండు దెబ్బలు, మిగతా రెంటికీ ఒక్కొక్కటి. కాళ్ల దారి అదే, కాలం వేరు. నాలుగు దెబ్బల పాటకు బలవంతంగా మూడు లెక్కపెట్టేవాళ్లు మాత్రం ప్రతి ఆవర్తంలో ఒక దెబ్బ తప్పుతారు. డాన్స్ తెలియని చుట్టాలకు కూడా ఏదో కుదరలేదని తెలిసిపోతుంది.

అపోహ: కాలు జరిగితే అడుగు పడినట్టే.

మొత్తం వ్యవహారం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి. కాలు జరపడం సగం పని. ఒంటి బరువు ఆ కాలి మీదికి పూర్తిగా మారితేనే అది అడుగు. పరీక్ష తేలిక: అడుగు వేశాక రెండో కాలు అంగుళం ఎత్తండి. వెంటనే లేస్తే బరువు మారింది. ముందు ఒళ్లు సర్దుకోవాల్సి వస్తే బరువు రెండు కాళ్ల మధ్య ఉండిపోయింది.

వాల్ట్జ్ పెట్టెలో లీడర్ అడుగులు ఇవి: ఎడమ ముందుకు, కుడి పక్కకు, ఎడమ వచ్చి కుడి పక్కన చేరాలి. తర్వాత కుడి వెనక్కి, ఎడమ పక్కకు, కుడి చేరాలి. ఆరు దెబ్బలకు ఒక పెట్టె. కొత్తవాళ్ల తప్పు మూడో దానిలో. ఎడమ కాలు వచ్చి పక్కన చేరుతుంది గానీ దాని మీద బరువు పడదు. అప్పుడు ఖాళీగా ఉన్నది మళ్లీ ఎడమే కాబట్టి, తర్వాతి అడుగుకు అదే లేస్తుంది. కుడి వెనక్కి పోవాల్సిన చోట ఎడమ ముందుకు పోతుంది. ఆ సమయానికి ఫాలోయర్ కూడా ముందుకే వస్తుంటారు. వేళ్లు నలిగేది ఇట్లనే.

బచాటాలో ఇదే తిరగబడుతుంది. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టిన ఈ నాట్యానికి, దాని సంగీతానికి 2019లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు దొరికింది. లీడర్ 1కి ఎడమ పక్కకు, 2కి కుడి చేర్చి, 3కి ఎడమ పక్కకు వేసి, 4కి కుడి కాలి మునివేళ్లు నేలకు తాకిస్తారు. తాకడమే, బరువు వేయకూడదు. ఎందుకంటే 5కి ఆ కుడికాలే కుడివైపు బయల్దేరాలి. 4 మీద బరువు వేసేస్తే 5కి ఎడమ లేస్తుంది, ఇద్దరూ రెండు దిక్కులకు పోతారు.

వాల్ట్జ్‌లో చేరిన కాలు, బచాటాలో తాకిన కాలు వీడియోలో ఒకేలా కనబడతాయి. ఒకదాని మీద మనిషి ఉన్నాడు, ఇంకోదాని మీద లేడు. రీల్ చూసి నేర్చుకున్నవాళ్లు తడబడేది ఈ తేడా దగ్గరే. పైగా సెల్ఫీ కెమెరాతో తీసిన వీడియోల్లో కుడి ఎడమలు మారి ఉండొచ్చు. వెనక నుంచి తీసిన వీడియో వెతికి, వేగం సగానికి తగ్గించి చూడండి.

అపోహ: లీడ్ అంటే చేత్తో లాగడం.

చేత్తో లాగితే అవతలి మనిషి భుజం కదులుతుంది, కాళ్లు కదలవు. లీడర్ ముందు తన ఛాతీని, బరువును కదిపితే ఆ కదలిక చేతుల ద్వారా అవతలికి చేరుతుంది. దానికి చేతులు మరీ వదులుగానూ, మరీ బిర్రుగానూ ఉండకూడదు. లీడర్ కుడి అరచేయి ఫాలోయర్ ఎడమ భుజం ఎముక మీద, ఫాలోయర్ ఎడమ చేయి లీడర్ భుజానికి కాస్త కింద, అవతలి రెండు చేతులు ఇద్దరిలో పొట్టివారి కంటి ఎత్తులో. మోచేతులు ఒంటికి వెనక్కి పోకూడదు. పోయాయంటే మీ మాట అవతలికి వినబడదు.

సల్సాలో కుడివైపు తిప్పడం చూడండి. 1-2-3 మామూలుగా వేస్తూ, 3 దాటగానే లీడర్ తన ఎడమ చేయి ఎత్తాలి. ఫాలోయర్ 5, 6, 7 మీద తిరిగి ముగించాలి. చేయి తలకు రెండు మూడు అంగుళాల పైన చిన్న చుట్టు చుడితే చాలు. మగపిల్లలు ఎక్కువమంది పప్పుగుత్తి తిప్పినట్టు తిప్పేస్తారు. అప్పుడు పిల్ల అదుపు తప్పి పక్కకు పోతుంది. బొటనవేలితో బిగించి పట్టుకుంటే మణికట్టు మెలిపడుతుంది. వేళ్ల మీద వేళ్లు ఆనించి, లోపల తిరగనివ్వండి.

ఫాలోయర్ వైపు తప్పు వేరు: వరస కంఠస్థం అయిపోయి, సైగ రాకముందే తిరిగేస్తారు. దీనికి రోజూ అయిదు నిమిషాలు వరస మార్చి ఆడించండి. మరో అయిదు నిమిషాలు పాత్రలు మార్చుకోండి, ఆయన ఫాలో, ఆమె లీడ్. తాను ఎంత గట్టిగా లాగుతున్నాడో లీడర్‌కు అప్పుడు తెలుస్తుంది.

అపోహ: వాల్చడం బలం ఉన్నవాళ్లకే వస్తుంది.

వాల్చేది లీడర్ అయినా, ఫాలోయర్ బరువు చాలావరకు ఫాలోయర్ కాలి మీదే ఉంటుంది. లీడర్ కాళ్లు ఎడంగా పెట్టి, ఒక మోకాలు వంచి, నడుము నిటారుగా ఉంచాలి. నడుము వంచి చేత్తో మోయబోతే వెన్ను పట్టేస్తుంది, ఇద్దరూ పడతారు. పాట చివర ఒక్కసారి చాలు. ఎత్తుకోవడం మేం రెండు మూడు వారాల్లో నేర్పం.

అపోహ: ఒళ్లు ఒళ్లు ఆనించి ఆడాలి, పెద్దోళ్ల ముందర ఎట్ల?

అక్కర్లేదు. రెండు చేతులు పట్టుకుని, మూర ఎడంలో వాల్ట్జ్ పెట్టె, సల్సా, బచాటా మూడింటి ప్రాథమిక అడుగులూ వేయొచ్చు. వదినతో, అన్నతో, స్నేహితురాలితో సాధన చేసినా అడుగు అదే.

కోలాటం వచ్చినవాళ్లకు ఇదంతా తేలికనే మాట సగం నిజం. ఎదురెదురు నిలబడటం, లెక్క తప్పకపోవడం, జత మారినా తడబడకపోవడం వాళ్లకు వచ్చు. కానీ కోలాటంలో మార్పు చెప్పేది పాటో, గురువు ఈలో. ఇక్కడ చెప్పేది ఎదుటి మనిషి ఒళ్లు. దాన్ని వినడం కొత్తగా నేర్చుకోవాలి.

అపోహ: రెండు నిమిషాల పాటకు ఇరవై రకాల స్టెప్పులు కావాలి.

నిమిషానికి 100 దెబ్బల పాట రెండు నిమిషాలంటే 200 దెబ్బలు, అంటే 25 ఎనిమిదులు. ప్రాథమిక అడుగు, పక్క అడుగు, ఒక తిప్పు, చేతులు వదిలి మళ్లీ పట్టుకునే ఒక నడక. ఈ నాలుగింటిని మార్చి మార్చి వేస్తే 25 నిండిపోతాయి.

అపోహ: స్పోర్ట్స్ బూట్లుంటే చాలు, ఎక్కడైనా ఆడొచ్చు.

బూటు అడుగున ఉండే రబ్బరు నేలను పట్టేస్తుంది. ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు, ఆ మెలిక మోకాలికి పోతుంది. అడుగున తోలు ఉన్న బూట్లు మేలు. ఆడవాళ్లకు రెండంగుళాలు మించని, వెడల్పు మడమ ఉన్నవి. డాబా మీద గరుకు సిమెంటు తిరగనివ్వదు. గ్రానైట్ మీద మేజోళ్లతో ఆడితే జారతారు. ఇంట్లో పాత షాబాద్ బండలు నున్నగా ఉంటే అడుగుకు బాగుంటాయి, సందుల దగ్గర జాగ్రత్త. నేల మీద పౌడర్ చల్లే అలవాటు మాత్రం మానండి.

ఫంక్షన్ హాల్ స్టేజీ మీద సాధారణంగా కార్పెట్ ఉంటుంది. దాని మీద ఒకే కాలిపై తిరగడం కష్టం, తిప్పును మూడు చిన్న అడుగులుగా నడిచి ముగించండి. అతుకు ఎక్కడుందో ముందే చూసుకోండి.

చీర సంగతి. గద్వాల అయినా పోచంపల్లి అయినా, కుచ్చిళ్లు ఎంత విచ్చుకుంటే అడుగు అంతే. అంచు మీద మడమ పడేది వెనక్కి నడిచేటప్పుడే. వాల్ట్జ్‌లో లీడర్ ముందుకు వస్తే ఫాలోయర్ వెనక్కే పోవాలి కాబట్టి, చీర కట్టే జంటకు మేం పక్కకు పోయే బచాటా అడుగులనే సూచిస్తాం. లేదంటే లీడర్ తన అడుగు పాదం పొడవుకు కుదించుకోవాలి. లెహంగా అయితే అంచు నేలకు రెండంగుళాల పైకి కుట్టించుకోండి. గాజు గాజులు పట్టుకునే చేతికి తీసేయండి, వరుడి వాచీ కూడా. కాలికి కొత్తగా పెట్టిన మెట్టెలు ముందు మూసుకున్న బూట్లలో వేలిని నొక్కేస్తాయి, వేళ్లు బయటికుండే చెప్పులు ఎంచుకుని కనీసం రెండు రోజులు వాటితోనే సాధన చేయండి.