ఆర్మీనియన్లు లేని ఆర్మీనియన్ చర్చి

చెన్నై జార్జిటౌన్‌లో, హైకోర్టుకు దగ్గర్లోనే, ఆర్మీనియన్ స్ట్రీట్ ఉంది. అక్కడ 1772లో కట్టిన సెయింట్ మేరీ చర్చికి ఇప్పుడు వారంవారం ప్రార్థనకు వచ్చే జనం లేరు. చూడ్డానికి వెళ్లినవాళ్లు దీన్ని వదిలేసిన గుడి అనుకుంటారు. నేను ఆర్మీనియన్‌ని కాదు, క్రైస్తవుణ్ణీ కాదు. అయినా ఆ మాట తప్పని గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

కాకసస్ పర్వతాల దగ్గరి ఆర్మీనియా ప్రజలే ఆర్మీనియన్లు. వాళ్ల చర్చి పోపు కిందిది కాదు, ప్రొటెస్టెంటుదీ కాదు. సొంత భాషలో సాగే చాలా పాత సంప్రదాయం అది. 17వ శతాబ్దం మొదట్లో పర్షియా (ఇప్పటి ఇరాన్) రాజు షా అబ్బాస్ ఆర్మీనియన్ల జుల్ఫా పట్టణాన్ని ఖాళీ చేయించి, అక్కడివాళ్లను తన రాజధాని ఇస్ఫహాన్ పక్కకు తరలించాడు. ఆ వర్తకులే తర్వాత మన తీరాలకు వచ్చారు. హైదరాబాద్ ఉప్పుగూడలో గోల్కొండ కాలం నాటి వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

వాళ్ల వ్యాపారం ఈస్టిండియా కంపెనీకి కావలసి వచ్చింది. 1688లో లండన్‌లో ఒప్పందం కుదిరింది. కంపెనీ ఊళ్లలో ఎక్కడైనా 40 మంది ఆర్మీనియన్లు ఉంటే చర్చికి స్థలమిచ్చి, కలపతో గుడి కట్టించి, పూజారికి ఏడేళ్లపాటు ఏటా 50 పౌండ్లు ఇస్తామంది. గుడి హక్కును తలల లెక్కకు ముడిపెట్టడం అక్కడే మొదలైంది.

మద్రాసులో వాళ్లు బాగానే స్థిరపడ్డారు. సైదాపేట దగ్గర అడయారు నది మీద 1726లో సొంత డబ్బుతో వంతెన కట్టించిన కోజా పెట్రస్ ఉస్కాన్ ఆర్మీనియనే. కానీ 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు పట్టుకున్నారు. 1749లో ఊరు తిరిగి చేతికొచ్చాక ఫ్రెంచివాళ్లతో కలిశారన్న ఇంగ్లీషువాళ్ల అనుమానం కేథలిక్కుల మీద, ఆర్మీనియన్ల మీద పడింది. సెయింట్ జార్జి కోటలో యూరోపియన్లుండే వైట్ టౌన్‌లో ఉండకూడదని వాళ్లను బయటికి పంపేశారు. ఊరికి వంతెన కట్టిన సమాజానికి చేసిన మర్యాద అది! ఇప్పటి చర్చి కోటలో కాకుండా కోట బయట స్థానికులుండే అప్పటి బ్లాక్ టౌన్‌లో ఎందుకుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

అయినా ఆ సమాజం అణగిపోలేదు. ప్రపంచంలోనే మొదటి ఆర్మీనియన్ పత్రిక ‘అజ్దరార్’ 1794లో మద్రాసులోనే వెలువడింది. దాన్ని నడిపిన పూజారి హరుత్యున్ ష్మావోన్యన్ 1824లో ఇక్కడే చనిపోయారు. ఆయన సమాధి ఈ చర్చి ఆవరణలోనే ఉంది. అంతకు ముందే, 1770లలో, షహామిర్ షహామిర్యన్ అనే వర్తకుడు ఇదే ఊళ్లో ప్రెస్సు పెట్టించి, అప్పటికి లేని ఆర్మీనియా దేశం కోసం రాజ్యాంగం లాంటి పుస్తకాన్ని అచ్చు వేయించాడు. తమకంటూ రాజ్యం లేనివాళ్లు మన పక్క వీధుల్లో కూర్చుని అంత దూరం ఆలోచించారు.

తర్వాత సముద్ర వ్యాపారం కంపెనీ గుప్పిట్లోకి పోయింది. కుటుంబాలు కలకత్తాకు, ఇతర దేశాలకు తరలిపోయాయి. చర్చి మాత్రం దిక్కులేనిది కాలేదు. కోల్‌కతాలోని ఆర్మీనియన్ చర్చి కమిటీయే ఇప్పటికీ దీన్ని చూసుకుంటోంది, అప్పుడప్పుడు అక్కడి పూజారులు వచ్చి ఆరాధన జరుపుతారు. విడిగా కట్టిన గంటల గోపురంలో ఆరు గంటలున్నాయి, ఆదివారం ఉదయం వాటిని మోగించే ఆనవాయితీ ఉంది. సొంతదారులున్న, పూజ ఆగని గుడి ఇది. లోపలికి వెళ్లేవాళ్లు నేలలో పరిచిన సమాధి రాళ్లను తొక్కకుండా, గొంతు తగ్గించి తిరగాలి.