మైకుకు గట్టు, గట్టుకు కొలత

చిరంజీవులకు,

చవితి పందిట్లో రాత్రి పది దాటగానే పోలీసులు మైకు ఆపించారని, "మన దేవుడి పాటలు పెట్టుకునే హక్కు మనకు లేదా తాతయ్యా?" అని అడిగారు. ఉంది. రాజ్యాంగం 25వ అధికరణలో ఉంది. అయితే ఆ వాక్యం మొదలవడమే ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి అంటూ మొదలవుతుంది. పందిరి పక్కింటి పసిపిల్ల నిద్ర కూడా అందులోకే వస్తుంది.

హక్కు చేను లాంటిది. మీ చేనుకూ పక్కవాళ్ల చేనుకూ మధ్య గట్టుంటుంది. మీరు పెట్టిన నీళ్లు వాళ్ల మడిని ముంచకుండా ఆపేది అదే. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తగాదా వచ్చేది గట్టు ఎవరు వేశారు, ఎక్కడ వేశారు, ఎంత వెడల్పు వేశారు అన్న దగ్గర. రాజ్యాంగం దీనికీ కొలతలు పెట్టింది. 19వ అధికరణ చూడండి. మాట్లాడటం, ఆయుధాలు లేకుండా గుమిగూడటం, సంఘం పెట్టుకోవడం, దేశంలో ఎక్కడికైనా వెళ్లడం, ఎక్కడైనా ఉండటం, నచ్చిన వృత్తి చేసుకోవడం, ఇవన్నీ మీ చేను. వీటికి గట్టు వేయాలంటే మొదట చట్టం ఉండాలి. అధికారి నోటిమాట చాలదు. ఆ చట్టం అక్కడ రాసిన కారణాల్లో ఒకదాని కోసమే రావాలి. మాట విషయంలోనైతే దేశ భద్రత, ప్రజాశాంతి, పరువునష్టం, నేరానికి ఉసిగొల్పడం లాంటివి ఆ కారణాలు. "నాకు నచ్చలేదు" అన్నది అందులో లేదు. చివరిగా, గట్టు సహేతుకంగా ఉండాలి. చేనంతా గట్టే అయిపోతే ఇక పైరు ఎక్కడ వేస్తారు?

ఇప్పుడు మీ మైకు. దానికి చట్టం ఉంది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2000లో శబ్ద కాలుష్య నియమాలు వచ్చాయి. మైకుకు ముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మోగకూడదు. ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 హద్దు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. పండుగలకు సడలింపు కూడా ఉంది: రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా అనుమతించవచ్చు. పందిరి కమిటీలు తప్పేది ఇక్కడే. పండుగ కదా అని ఆ రోజులు వాటంతటవే వచ్చేస్తాయనుకుంటారు. ప్రభుత్వం ఆ రాత్రులను ప్రకటించిందో లేదో వచ్చే ఏడు రాట పాతకముందే స్టేషన్‌లో కనుక్కోండి, కాగితం చేతిలో ఉంచుకోండి. ఈ గట్టు ఒక్క మతానికని కాదు. 2000లో చెన్నైలోని ఒక చర్చి కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. (మైకు లేని రోజుల్లో హరిదాసు గొంతు ఊరి చివరికీ వినిపించేది. అది వేరే ఉత్తరం.)

కొలత లేకుండా వేసిన గట్టును కోర్టు తీయించేస్తుంది. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలను బడి నుంచి పంపేశారు. ప్రార్థన వేళ జాతీయ గీతానికి వాళ్లు గౌరవంగా లేచి నిలబడేవారు, కానీ తమ మత విశ్వాసం వల్ల పాడేవారు కాదు. జాతీయ గీతాన్ని గౌరవించడం, పౌరుల ప్రాథమిక విధులు చెప్పే 51ఎ అధికరణలోని మొదటి విధిలో ఉంది కదా? అవును. కానీ నిలబడటం గౌరవమేనంది సుప్రీంకోర్టు. జాతీయ గీతం, జెండా లాంటివాటిని అవమానించకుండా చేసిన 1971 నాటి చట్టం గీతం విషయంలో శిక్షించేది పాడేవాళ్లను కావాలని అడ్డుకున్నవాళ్లను, పాడే చోట అల్లరి చేసినవాళ్లను. పాడి తీరాలన్న చట్టమే లేదు, ఉన్నది విద్యాశాఖ సర్క్యులర్లు. అవి చట్టం కావు. 1986లో పిల్లలను తిరిగి చేర్చుకోమన్న ఆ తీర్పు రాసింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి.

విధులంటారా, 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో పది చేరాయి. వాటిని మీరినంత మాత్రాన ఎవరూ జైల్లో వేయరు. శిక్ష ఉండాలంటే దానికి వేరే చట్టం కావాలి. నన్నడిగితే అలా ఉండటమే మంచిది. గౌరవాన్ని లాఠీతో పుట్టించలేం.

2002లో పదకొండోది చేరింది. అదేమిటో నేను చెప్పను. 51ఎ తెరిచి చివరి వాక్యం చూడండి. అది ఎవరిని ఉద్దేశించి రాశారో తెలిశాక, మీ అమ్మానాన్నలను కూర్చోబెట్టి గట్టిగా చదివి వినిపించండి. రాత్రి పదిలోపే సుమా.

ఆశీస్సులతో,
తాతయ్య