కంప్యూటర్ తక్కెడలో రెండు బంట్లు

కావలిలో ఉండే మా మేనల్లుడు తన చదరంగం ఆటలు రెండు ఫోనులో పంపి పేచీకి దిగాడు. "మామయ్యా, సమంగా సాగుతున్న ఆటలో రెండు బంట్ల విలువ పోగొట్టుకుంటే ఎత్తు పక్కన '??' పడింది. గెలుస్తున్న ఆటలోనూ అంతే పోగొట్టాను. అక్కడ ఏ గుర్తూ లేదు. కంప్యూటర్‌కు పక్షపాతమా?"

'!' మంచి ఎత్తు, '?' తప్పు, '??' ఘోరం. ఆడేవారికి ఇవి ఎలాగూ తెలుసు. వాడి అనుమానమే అసలు విషయం.

నా చిన్నప్పుడు నెల్లూరు చేపల బజారులో చేతి తక్కెడలుండేవి. రెండు పళ్లేలూ సమంగా ఊగుతున్నప్పుడు ఒక్క రొయ్య వేసినా ముల్లు పక్కకు జరిగేది. ఒక పళ్లెం బరువుకు దిగి నేలను తాకిందనుకోండి, అందులోంచి రెండు చేపలు తీసినా అది లేవదు. చేపల బరువు మారలేదు, ముల్లు స్పందనే మారింది. నేలకు ఆనిన పళ్లెంలో ఇంకో చేప వేసినా అంతే. నిండా మునిగినవాడికి చలేమిటన్నట్టు, చిత్తుగా ఓడుతున్నవాడి బంటు మరొకటి పోయినా కంప్యూటర్ పెద్దగా పట్టించుకోదు.

ఇప్పుడు లెక్క. ఇంజన్, అంటే ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రాం, ఆధిక్యాన్ని సెంటీపాన్లలో, అంటే బంటులో నూరో వంతుల్లో చెబుతుంది. లీచెస్ అనే చదరంగం వెబ్‌సైట్ దాన్ని గెలుపు శాతంగా మారుస్తుంది. సెంటీపాన్లను 0.00368తో గుణించి, రుణ గుర్తు పెట్టి, 2.718కి ఘాతంగా వేసి, 1 కలిపి, వచ్చినదానితో 100ను భాగించాలి. ఆధిక్యం సున్నా అయితే 50 శాతం. రెండు బంట్లు వెనకబడితే 32. ఒక్క ఎత్తులో 18 పోయాయి కాబట్టి '??'. అదే పది బంట్ల ఆధిక్యంలో 97.5, ఎనిమిదికి తగ్గినా 95. పోయింది రెండున్నర! గుర్తు వేసేది ఈ శాతం ఎంత పడిందో చూసి. మధ్యలో నిటారుగా, రెండు చివరలా చదునుగా ఉండే ఈ 'S' ఆకారపు వక్రరేఖను తరగతిలో బాక్టీరియా పెరుగుదల బొమ్మ గీసి వదిలేస్తాం. తక్కెడ తెచ్చి చూపిస్తే పిల్లలు మరిచిపోరని నా నమ్మకం.

 

ఈ తక్కెడకు ఒక లోటుంది. అత్యుత్తమ ఎత్తు వేస్తే శాతం పడదు, అంతే, పెరగదు. కాబట్టి ఈ లెక్కలోంచి '?' పుడుతుంది కానీ '!' పుట్టదు. ఆశ్చర్యార్థకం మనిషి ఆశ్చర్యానికి గుర్తు. 1966లో బెల్‌గ్రేడ్‌లో గ్రాండ్‌మాస్టర్ మతనోవిచ్ మొదలుపెట్టిన 'చెస్ ఇన్ఫార్మెంట్' అనే ఆటల సంకలనం ఏ భాషవారైనా చదివేలా ఇలాంటి గుర్తులతోనే వ్యాఖ్యానం నడిపింది. '∞' అంటే ఎవరిది పైచేయో తేలని స్థితి, '□' అంటే వేరే దారిలేని ఎత్తు.

ఇదంతా విని మేనల్లుడు తన నోటుపుస్తకం తెరిచాడు. ఒక ఎత్తు పక్కన ఎర్ర సిరాతో '!!' వేసుకున్నాడు. చూస్తే రాజుకు చెక్ ఉంది, కదలడానికి ఒకే గడి ఉంది, అడ్డుపెట్టడానికో, చెక్ ఇచ్చిన పావును చంపడానికో వీలు లేదు. బెల్‌గ్రేడ్ వారైతే ఖాళీ చదరం గీసేవారన్నాను.

"అయినా దొరికింది కదా మామయ్యా!" అన్నాడు.